ఉస్తాద్, కాసేపు ఆగాలి



నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మరైగూడ నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి దుమ్ముగూడెం వైపు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం పరుగు తీశావట. ఇంటికొచ్చి వాంతి చేసుకుని, కళ్లు తిరిగి గోడ పట్టుకున్నావట. పైగా, సెలక్షన్ దగ్గర పడింది, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు అన్నావట. ఆ చివరి మాటకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు. కాగితమైతే కనీసం రెండోసారి చదువుతావని మీ పెదనాన్న ఆశ.

జవాను ఉద్యోగం వద్దని చెప్పడానికి కాదులే, భయపడకు. 2017లో సీఆర్‌పీఎఫ్ వాళ్లు మన బస్తర్ పిల్లల కోసమే 241వ బెటాలియన్ పెట్టారు. అదే బస్తరియా బెటాలియన్. 2022 జూన్‌లో కేంద్రం సుక్మా, దంతెవాడ, బీజాపూర్ జిల్లాల ఆదివాసీ పిల్లలకు 400 కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం చదువు అర్హతను పదో తరగతి నుంచి ఎనిమిదికి తగ్గించింది. తునికాకు నాలుగు వారాల పని, ఇప్పపువ్వు ఇంకో నాలుగు వారాలు. నెల తిరిగేసరికి జీతం వచ్చే దారి మనూళ్లో ఎంత ఇరుకో నీకు వేరే చెప్పాలా?

జవాను పోయాడంటే మన వైపు ఎవరికైనా తాడిమెట్ల గుర్తొస్తుంది. 2010 ఏప్రిల్ 6, మావోయిస్టుల దాడిలో ఒక్క పొద్దున 76 మంది. ఆ లెక్క సంతలో కూరగాయలమ్మే మనిషికి కూడా తెలుసు. అయితే ఎదురుగా శత్రువు లేకుండా, తుపాకీ మోత లేకుండా పోయే జవాన్లూ ఉన్నారు. వాళ్ల గురించి రెండు రోజులు పేపర్లో వస్తుంది, మూడో రోజు ఉండదు. అలాంటి ఒక రాత్రి సంగతి విను.

2024 జూన్ 28. తూర్పు లద్దాఖ్‌లో దౌలత్ బేగ్ ఓల్దీ వైపు, శాసర్ బ్రాంగ్సా దగ్గర శిక్షణ ముగించుకుని ఒక టీ-72 ట్యాంకు వెనక్కి వస్తోంది. దారిలో శ్యోక్ నది దాటాలి. నడిమధ్యకు వచ్చేసరికి నీళ్లు ఒక్కసారిగా పెరిగాయి. నలభై టన్నుల పైచిలుకు ఇనుము కదల్లేక నిలిచిపోయింది. రక్షించడానికి జట్లు పరుగున వచ్చాయి, కానీ ఆ వడికి, ఆ నీటిమట్టానికి ఎవరి వల్లా కాలేదు. అయిదుగురు పోయారు. అందులో ముగ్గురు మన తెలుగువాళ్లు. ప్రకాశం జిల్లా రాచర్ల మండలం నుంచి రిసాల్దార్ ముత్తుముల రామకృష్ణారెడ్డి. బాపట్ల జిల్లా రేపల్లె మండలం నుంచి సుభాన్ ఖాన్. కృష్ణా జిల్లా పెడన మండలం నుంచి క్రాఫ్ట్స్‌మన్ సాదరబోయిన నాగరాజు. ముగ్గురూ ఎండలో, ఉక్కలో పుట్టి పెరిగినవాళ్లే. వాళ్లను తీసుకుపోయింది మాత్రం మంచు కరిగిన నీళ్లు.

టీ-72లో మామూలుగా ముగ్గురే కూర్చుంటారు. నడిపేవాడు, గురి చూసి కాల్చేవాడు, కమాండర్. ఆ రాత్రి అయిదుగురున్నారు, ఎందుకంటే వాళ్లలో ఇద్దరు మరమ్మతుల విభాగం వాళ్లు. బండి చెడిపోతే బాగుచేయడానికి వెంట వెళ్లిన మెకానిక్కులు. ఫౌజీ అంటే తుపాకీ పట్టుకున్నవాడే అనుకుంటావు నువ్వు. పానా పట్టుకున్నవాడు కూడా అదే నీళ్లలో పోయాడని గుర్తుపెట్టుకో.

ఆ ట్యాంకు ఏ ఏర్పాటూ లేకుండా 1.2 మీటర్ల లోతు నీళ్లు దాటగలదు. పైకి గాలిగొట్టం బిగించి సిద్ధం చేస్తే 5 మీటర్ల లోతు కూడా దాటుతుందని దాన్ని తయారుచేసినవాళ్ల లెక్క. ఉన్నట్టుండి పెరిగే నీటికి ఆ లెక్క పనికిరాదు. మంచుకొండల కింది నదులకు ఒక గుణం ఉంది. పగలు ఎండకు కరిగిన మంచు దిగువకు చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. పొద్దున మోకాలి లోతున్న చోట రాత్రికి మనిషి మునుగుతాడు. మన వాగులూ అంతే కదా. మరైగూడలో ఎండ కాస్తుంటుంది, ఎగువ అడవిలో ఎక్కడో వాన దంచుతుంది. గంటలో వాగు ఎర్రగా పొంగి పశువుల్ని లాక్కుపోతుంది. చిన్నప్పుడు ఎద్దుల బండితో వాగులోకి దిగేముందు మీ తాత నీటి రంగు చూసేవాడు, చప్పుడు వినేవాడు, తేలివచ్చే ఆకులు చూసేవాడు. ఒక్కోసారి అవతలి గట్టున ఇల్లు కనబడుతున్నా ఇవతలే రాత్రంతా కూర్చోబెట్టేవాడు. ఆయన్ని పిరికివాడని ఊళ్లో ఎవరూ అనలేదు.

శ్యోక్‌లో పోయినవాళ్లది తప్పని చెప్పడం లేదు, అలా ఎవరైనా అంటే వాళ్ల నోరు మూయించు. ఇది ఉత్త ప్రాక్టీసే కదా అన్న మాట నీళ్లకు తెలియదని చెబుతున్నాను, అంతే. ఎండకూ తెలియదు.

ఎండ సంగతికి వస్తే, బ్రిటన్‌లో జరిగింది చూడు. 2013 జూలై 13న వేల్స్‌లోని బ్రెకాన్ బీకన్స్ కొండల్లో ఎస్ఏఎస్ అనే ప్రత్యేక సేన రిజర్వు దళానికి ఎంపిక పరీక్ష పెట్టారు. వీపున బరువుతో 16 మైళ్ల నడక. ముగ్గురు కుప్పకూలారు. ఇద్దరు ఆ రోజే పోయారు, మూడో అతను రెండు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉండి పోయాడు. ఆ పూట అక్కడి వేడి 27 డిగ్రీలకు అటూ ఇటూ. మే నెలలో మనకది తెల్లవారుజాము చల్లదనం! అంతకుముందే ఇద్దరికి వడదెబ్బ తగిలి పక్కకు తప్పుకున్నప్పుడే నడక ఆపేసి ఉండాల్సిందని తర్వాత విచారణలో తేలింది. ఆపలేదు.

అంత దూరం ఎందుకు, మన పొరుగున జార్ఖండ్ ఉంది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తమన్నారు. 12 మంది పిల్లలు పోయారు. వాళ్లు జవాన్లు కూడా కాలేదు, ఒంటి మీద యూనిఫాం పడకముందే పోయారు. ఆ తర్వాత ఆ పరుగును 1,600 మీటర్లకు తగ్గించారు. ముందే తగ్గిస్తే ఏం పోయేదో మీ పెదనాన్నకు ఇప్పటికీ అర్థం కాదు.

పరుగు తీస్తూ వడదెబ్బ తగిలినవాడికి ఒళ్లు పొడిబారుతుందని మనవాళ్లు అనుకుంటారు. అన్నిసార్లూ అలా ఉండదు. చెమటలు కారుతూనే ఉండొచ్చు. మాట తడబడినా, నడక తూలినా, తిక్కతిక్కగా మాట్లాడినా అదే గుర్తు. అప్పుడు బండి కోసం వెతుక్కోవడం కాదు, ముందు చల్లబరచాలి. తల పైకి పట్టుకుని మనిషిని చల్లటి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలి. తొట్టి లేకపోతే బట్టలు తీసి తడిగుడ్డలు కప్పి గట్టిగా విసరాలి. మొదటి అరగంటలో ఎంత చల్లబరిస్తే అంత మేలు. ఆసుపత్రికి తర్వాత. ఇది నీతో పరుగెత్తే పిల్లలందరికీ చెప్పు, ఎందుకంటే పడిపోయినవాడు తనకు తాను చేసుకోలేడు. కొత్తగా ఎండలో సాధన మొదలుపెట్టినవాడికి ఒళ్లు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. దానికి అడ్డదారి లేదు. సెలక్షన్ ముందు దమ్ము కోసమని ఎవరో ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్ల జోలికి వెళితే మాత్రం మీ అమ్మ కంటే ముందు మీ పెదనాన్నే కర్ర పట్టుకుంటాడు.

ఇంకొక సంగతి అసలైనది. మన ఆదివాసీ ఊళ్లలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఎంత ఉందో నీకు తెలుసు. జబ్బు ఉన్నవాడు ఎలాగూ బయటపడతాడు. తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్క పాలు మాత్రమే వచ్చినవాడికి, అంటే సికిల్ సెల్ లక్షణం మాత్రమే ఉన్నవాడికి, ఏ బాధా ఉండదు, పొలం దున్నుతాడు, కబడ్డీ ఆడతాడు. నీళ్లు తాగకుండా ఎండలో ఒళ్లు విరిగేలా పరుగెత్తించినప్పుడే అది పైకొస్తుంది. అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన నల్లజాతి పిల్లల లెక్కలు తీసి 1987లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఆ లక్షణం ఉన్నవాళ్లు శిక్షణలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం లేనివాళ్లకంటే 28 రెట్లు ఎక్కువని తేలింది. తర్వాత అక్కడి సైన్యం నీళ్లు, విశ్రాంతి నియమాల్ని అందరికీ తప్పనిసరి చేసింది. 2016లో దాదాపు 48 వేల మంది సైనికుల రికార్డులు చూస్తే, కండరాలు దెబ్బతినే ముప్పు ఇంకా ఉంది గానీ చావుల్లో తేడా కనబడలేదు. ఆ లక్షణం ఉంటే ఉద్యోగం రాదేమోనని పరీక్ష ఎగ్గొట్టకు. తెలిసి ఉంటే నీళ్లు తాగుతావు, ఆగుతావు. తెలియకపోతే పరుగెత్తుతావు. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షకు డబ్బు తీసుకోరు.

ఒంటికే కాదు, మనసుకూ ఇలాంటి మంట ఉంటుంది. 2021 నవంబరు 8 తెల్లవారుజామున మన మరైగూడ స్టేషన్ పరిధిలోనే, లింగంపల్లి సీఆర్‌పీఎఫ్ క్యాంపులో ఒక జవాను తోటి జవాన్ల మీద కాల్పులు జరిపాడు. నలుగురు పోయారు, ముగ్గురు గాయపడ్డారు. గాయపడ్డవాళ్లను తెచ్చింది ఈ భద్రాచలం ఆసుపత్రికే. ఊరంతా గేటు దగ్గర నిలబడి చూసింది. మానసిక ఒత్తిడి వల్ల అన్నారు అధికారులు. ఆ ఒత్తిడి ఒక్క రాత్రిలో పుట్టిందని ఎవరు నమ్ముతారు? నిద్ర పట్టకపోతే, ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తే, ఎవరి మీదో కసి పెరుగుతుంటే పక్క మంచం వాడితో చెప్పు. లేదా ఇంటికి ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

శిక్షణలో చేరాక శిక్షకులు, అదే ఉస్తాద్‌లు, రగడా అని కఠిన శిక్షలు ఇస్తారు, పిట్టూ అనే వీపు సంచి ఎత్తిస్తారు, తిడతారు. అవన్నీ పడు. కానీ ఒంట్లో ఏదో తేడా అనిపించిన నిమిషంలో, ఉస్తాద్, కాసేపు ఆగాలి అని నోరు తెరిచి చెప్పడం ఇప్పటినుంచే నేర్చుకో. నీ పక్కవాడు తూలుతుంటే వాడి తరఫున చెప్పు. వాడు నీకంటే సిగ్గరి అయి ఉంటాడు.

అగ్నివీర్‌కూ దరఖాస్తు పెట్టావని మీ అమ్మ చెప్పింది. అది నాలుగేళ్ల కొలువు. జరగరానిది జరిగితే 48 లక్షల బీమా ఉంది, విధుల కారణంగా పోతే ఇంకో 44 లక్షలు ఇస్తారు, కుటుంబానికి పెన్షన్ మాత్రం లేదు. 2024 అక్టోబరులో నాసిక్ దగ్గర దేవలాలిలో ఫిరంగి శిక్షణలో గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు పోయినప్పుడు దేశమంతా ఈ లెక్క మీదే వాదించుకుంది. అందుకని నామినీ పేరు, బ్యాంకు పుస్తకం, ఆధార్‌లో మీ అమ్మ పేరు అక్షరం తేడా లేకుండా చూసుకో. అశుభం అనుకోకు, పొలం పట్టాలో పేరు సరిచూసుకోమూ?

సోమవారం పొద్దున బస్సుకు ఇక్కడికి రా. ఆసుపత్రికి కలిసి వెళదాం. సికిల్ సెల్ పరీక్షకు పరగడుపున ఉండనక్కర్లేదు, అన్నం తినే బయల్దేరు.

మీ పెదనాన్న