జంతుప్రదర్శనశాలలో ఒక దినము

ఉర్దూలో దీనిని 'చిడియాఘర్' అంటారు. అనగా పక్షుల ఇల్లు. తెలుగులో మనము 'జంతుప్రదర్శనశాల' అంటున్నాము. మొదటి మాటలో ఇల్లు ఉన్నది, రెండవ మాటలో ప్రదర్శన ఉన్నది. రక్షణ అన్న భావము రెండింటిలోను లేదు. విశాఖపట్టణము పోవు రైలులో మా విద్యార్థిని ఒకతె ఈ సంగతి ఎత్తినప్పుడు తక్కినవారు నవ్వినారు. తిరుగు ప్రయాణములో మాత్రము ఎవరూ నవ్వలేదు.

జంతుశాస్త్ర విద్యార్థులు ఇరువదిమందితో ఒక శనివారము సాయంకాలము చల్లపల్లిలో బస్సెక్కి, విజయవాడలో రైలు పట్టుకొని, తెల్లవారుసరికి విశాఖ చేరినాము. సోమవారము ఆ శాలకు సెలవు గనుక, జనసమ్మర్దము ఎక్కువని తెలిసియు ఆదివారమునే ఎన్నుకొనవలసి వచ్చినది.

ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల 1977 మే 19వ తేదీన ప్రజలకు తెరువబడినది. అదే సంవత్సరము నవంబరు 19న మన దివిసీమను ఉప్పెన ముంచివేసినది. అందుచేత ఆ సంవత్సరము మనవారికి వేరుగా గుర్తుచేయనక్కరలేదు. శాల వైశాల్యము 625 ఎకరములు. కంబాలకొండ అడవిని ఆనుకొని, ఒకవైపు తూర్పు కనుమలు, మరొకవైపు సముద్రము. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపానుకు ఇచ్చటి వృక్షములు విస్తారముగా కూలిపోయినవి. ఏనుగులు, పులులు, నీటిగుఱ్ఱము మొదలైనవాటిని గూర్చి నేను వ్రాయను. అవి ఎవరు పోయినను చూచునవే. మా పిల్లలలో ఇద్దరు కోతులకు వేరుసెనగలు విసరబోయి చీవాట్లు తిన్న సంగతిని కూడ విస్తరింపను.

పూర్వము జంతుప్రదర్శనశాల అడవినుండి తీసుకొనెడి సంస్థ. పట్టి తెచ్చిన జంతువు చనిపోయినచో మరియొకదానిని పట్టి తెచ్చెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేసిన సవరణతో ఈ శాలలకు ప్రత్యేక నిబంధనలు ఏర్పడినవి. 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ వెలసినది. నశించిపోవుచున్న జాతులలో ఒక్కొక్కదానిని పెంచి వృద్ధిచేయు బాధ్యతను ఒక్కొక్క శాలకు అప్పగించుట ఆ సంస్థ చేసిన పనులలో ముఖ్యమైనది. విశాఖ శాలకు వచ్చినది రేచుకుక్క.

ఈ జంతువును గూర్చి కొంత చెప్పవలెను. చూచుటకు ఎఱ్ఱని ఊరకుక్కవలె ఉండును గాని, ఇది కుక్క ప్రజాతికి చెందదు. కుక్కకు క్రింది దవడలో ప్రక్కకు మూడేసి చర్వణకములుండగా దీనికి రెండేసియే ఉండును. మొఱుగుటకంటె ఈలవేసినట్లు కూయుటద్వారా మందలోని తోడివారిని పిలుచుకొనును. వేటాడిన మాంసమును ముందుగా పిల్లలను తిననిచ్చు ఆచారము ఈ మందలలో కలదు. ఆంగ్లేయుల కాలమున దీనిని చంపినవారికి ప్రభుత్వమే బహుమానమిచ్చెడిది. నేడు ప్రపంచములో అంతరించు ప్రమాదమున్న జాతులలో ఇది ఒకటి.

"సార్, పిల్లలను ఎక్కడ పెట్టినారు? కనబడవేమి?" అని ఒకడు అడిగినాడు. సంతానోత్పత్తికై ఉంచిన జంతువులను సందర్శకులకు చూపరాదన్నది నియమము. మందలో సాధారణముగా ఒక జంటయే పిల్లలను కనును. జనసంచారమునకు బెదరిన తల్లి పిల్లలను వదలివేయుట కద్దు. అంతేకాదు, ఏ జంతువును దేనితో జతపరుపవలెనో నిర్ణయించుటకు ఒక వంశావళి గ్రంథము వ్రాసి ఉంచెదరు. ఉన్నవి కొద్ది జంతువులైనప్పుడు అన్నాచెల్లెండ్రు జతకట్టి సంతతి బలహీనపడును. మేనరికములు ఎరిగిన మన కుటుంబములకు ఈ విషయము సులభముగా బోధపడవలసినదే. టిక్కెట్టు కొన్నవానికి కనబడని గూళ్ళలోనే ఈ శాల తన ముఖ్యమైన పని చేయుచున్నదని ఆ కుఱ్ఱవానికి చెప్పినాను. టిక్కెట్టు డబ్బులు దండుగయని వాడు గొణిగినాడు.

హైదరాబాదులో మీర్ ఆలం చెఱువు ప్రక్కన 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు ఇట్లే మూషిక జింక అప్పగింపబడినది. ఇది కుందేలంత జంతువు, కొమ్ములు లేవు. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల సహకారముతో 2010లో పిడికెడు జంతువులతో మొదలిడి, వందలకు పెంచి, కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో విడిచిపెట్టినారు. ఎకాయెకి విడువలేదు, అడవిలోనే కంచెవేసిన చోట కొంతకాలముంచి, అచ్చటి మేతకు అలవాటుచేసిన పిదపనే వదలినారు. రాబందులను కూడ అచ్చటనే పెంచుచున్నారు. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందు వాటి కళేబరములద్వారా రాబందులను చంపుచున్నదని తెలిసి, 2006లో ఆ మందును పశువైద్యమునుండి నిషేధించినారు. విషమును మాన్పనిదే ఎన్ని పక్షులను పెంచి వదలినను ప్రయోజనమేమి?

సాయంకాలము సముద్రమువైపు ద్వారమువద్ద కూర్చుండి ఫలహారము చేయుచుండగా, అంతవరకు మాటలాడని విద్యార్థి ఒకడు నా ప్రక్కకు వచ్చినాడు. వాని తండ్రి అవనిగడ్డకు అవతల చేపల చెఱువులు చేయుచున్నాడు. "సార్, పోయిన వానకాలము మా గట్టుమీద ఉచ్చులో ఒక జంతువు పడినది. చిఱుతపిల్ల అనుకొని కొట్టి చంపినాము. మచ్చలుండినవి. తోక పొట్టి. అది ఏమిటి?"

అది బావురుపిల్లి. చిఱుతకు తోక పొడవు. దీనికి పొట్టిగా, లావుగా ఉండును. నీటిలో మునిగి చేపను పట్టును. వ్రేళ్ళనడుమ కొంతమేర పొర ఉండును. కృష్ణానది సముద్రములో కలియుచోట మడ అడవులు దాని నివాసము. ఆ అడవులను 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినారు. చట్టములోని మొదటి షెడ్యూలులో చేరిన జంతువు గనుక దానిని చంపుట పులిని చంపుటతో సమానమైన నేరము. ఇది చెప్పగానే వాని ముఖము పాలిపోయినది. అయితే తప్పంతయు వానిదే అని నేననలేను. మడ అడవులున్నచోట చెఱువులు త్రవ్వితిమి. చేప ఉన్నచోటికి పిల్లి వచ్చినది. ఎలుకలను కూడ తినునని తెలిసినచో రైతు కొంత ఓర్చుకొనునేమో.

రెండు వారముల తరువాత వాడు నన్ను తమ చెఱువుగట్టునకు తీసికొనిపోయినాడు. బురదలో అడుగుజాడలు కనబడినవి. గోళ్ళగుర్తులు కూడ పడినవి. పిల్లిజాతిలో చాలవాటివలె ఇది గోళ్ళను పూర్తిగా లోనికి ముడుచుకొనజాలదు. వాడు స్కేలుపెట్టి కొలిచి నోటుపుస్తకములో వ్రాసికొన్నాడు. తండ్రి కొంచెము దూరముగా నిలిచి, "గట్టు చుట్టూ వల కడితే ఆగుతుందా అండీ?" అని అడిగినాడు. ఎత్తుగా కట్టి, అడుగుభాగము మట్టిలో పాతిన కొంత ఆగవచ్చునన్నాను. ఆయన ఏమియు అనక, తుంగలో దాచిన సైకిలుబ్రేకు తీగ ఉచ్చును లాగి, చుట్టచుట్టి, కొడుకు చేతికిచ్చినాడు.