ఫైబ్రోమయాల్జియా రోగులలో పంటినొప్పి, చిగుళ్ళ నొప్పి

పన్ను పుచ్చినచో నొప్పి పుట్టును. పుచ్చును బాగుచేసినచో, లేక పన్ను తీసివేసినచో నొప్పి తగ్గును. ఇది అందరు నెరిగిన విషయము. కాని కొందరి విషయమున ఈ లెక్క సరిపడదు. పన్ను పోయినను నొప్పి పోదు. ఇట్టివారిలో ఫైబ్రోమయాల్జియా అను వ్యాధి గలవారును ఉన్నారు. వారి కొరకును, వారి ఇంటివారి కొరకును కొన్ని ముఖ్యవిషయము లిచట వివరింపబడినవి.

40 ఏండ్ల గృహిణి నొకతెను ఊహించుకొందము. కొన్ని సంవత్సరములుగా ఆమెకు మెడ, భుజములు, నడుము, తొడలు నొచ్చుచున్నవి. రాత్రి ఎంతసేపు నిద్రించినను తెల్లవారుసరికి అలసటయే. ఇంతలో క్రింది దవడపన్ను సలుపసాగినది. ఆమె దానిని తీయించుకొనెను. కొలది దినములకు ప్రక్కపన్ను సలుపసాగినది. దానికి రూట్ కెనాల్ చికిత్స చేయించుకొనెను. పిమ్మట నొప్పి పైదవడకు ప్రాకినది. "ఇదంతయు నీ భ్రమ" అని ఇంటివారనిరి. ఆమె భ్రమపడుట లేదు. నొప్పి నిజమైనదే, అయితే అది పుట్టుచున్న చోటు పన్ను కాదు. ఈ సంగతి ముందే తెలిసియున్నచో ఆమె దంతములు నిలిచియుండెడివి.

ఫైబ్రోమయాల్జియా అనగా నేమి?

శరీరమున పలుచోట్ల నెలల తరబడి నొప్పియుండుట, విడువని అలసట, తృప్తినీయని నిద్ర, మతిమరపు, ఏకాగ్రత లేకుండుట ఈ వ్యాధి లక్షణములు. పురుషులలోకంటె స్త్రీలలో ఇది ఎక్కువగా గుర్తింపబడుచున్నది. 1904లో ఆంగ్ల వైద్యుడు విలియం గోవర్స్ ఇట్టి నొప్పులకు "ఫైబ్రోసైటిస్" అని పేరిడెను. కండరముల నంటియున్న నారలలో వాపు కలదని ఆయన తలచెను. తరువాతి పరీక్షలలో అట్టి వాపు కానరాలేదు. కావున ఆ పేరు విడువబడి ఫైబ్రోమయాల్జియా అను పేరు వాడుకలోనికి వచ్చినది. 1990లో అమెరికా వాతరోగ వైద్యుల సంఘము శరీరమున 18 చోట్ల నొక్కి చూచి, కనీసము 11 చోట్ల నొప్పి కలిగినచో వ్యాధి కలదని నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. 2010లో ఆ సంఘమే నొక్కి చూచుట అవసరములేని మరియొక పద్ధతిని ప్రకటించెను. అందు నొప్పి ఎన్నిచోట్ల నున్నది, అలసట, నిద్ర, జ్ఞాపకశక్తి ఎట్లున్నవి అని విచారింతురు.

ఈ వ్యాధిలో దోషము ముఖ్యముగా నొప్పిని గ్రహించు నాడీమండలమునందున్నది. రేడియోలో ధ్వనిని పెంచు మీటను పూర్తిగా త్రిప్పినచో మెల్లని మాటయు కేకవలె వినవచ్చును. అట్లే వెన్నుపాము, మెదడు చిన్న తాకుడును సైతము పెద్ద నొప్పిగా మార్చి తెలుపును. నొప్పి వార్తను మోయు "సబ్‌స్టెన్స్ పి" అను పదార్థము ఈ రోగుల వెన్నుపాము ద్రవమున హెచ్చుగా నుండుట పరీక్షలలో కనబడినది. కావున రోగి నొప్పిని కల్పించుకొనుచున్నాడనుట అన్యాయము.

నొప్పి నోటికి వచ్చు మార్గములు

మొదటిది నమలు కండరముల మార్గము. చెంపయందును, కణతయందును ఉన్న బలమైన కండరములు దవడను కదల్చును. ఇవి బిగిసి నొచ్చునపుడు ఆ నొప్పి దంతములలో నున్నట్లు తోచును. చెంపకండరపు నొప్పి దవడపండ్లలోనికిని, కణత కండరపు నొప్పి పైదంతములలోనికిని ప్రసరించును. దంతములనుండియు, ఈ కండరములనుండియు వార్తలు మెదడునకు చేరునది ఒకే పెద్దనాడి ద్వారా అగుటచేత వార్త ఎచటిదో మెదడు పొరపడును.

రెండవది దవడకీలు. చెవి ముందున్న ఈ కీలు బాధ ఫైబ్రోమయాల్జియా గలవారిలో తరచుగా కనబడును. నోరు తెరచునపుడు టక్కుమను చప్పుడు, ప్రొద్దున లేచుసరికి దవడ బిగిసియుండుట దీని గుర్తులు. నిద్రలో పండ్లు కొరుకు అలవాటున్నచో బాధ మరింత పెరుగును.

మూడవది నోరెండిపోవుట. ఈ వ్యాధికి వాడు అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్ అను మందులవలన కొందరికి నోరెండును. లాలాజలము దంతములకు సహజమైన రక్షణ. అది తగ్గినచో దంతములు త్వరగా పుచ్చును, చిగుళ్ళు మండును. ఇచట కలుగు జబ్బు నిజమైన పంటిజబ్బే యని గుర్తింపవలెను.

నాలుగవది ఆలన లోపించుట. చేతులు నొచ్చుచు, అలసటతో పడుకొనువారు రాత్రివేళ దంతధావనము మానివేయుదురు. పాచి గట్టిపడి గారయగును. చిగుళ్ళు వాచి రక్తము కారును.

రెండు పొరపాట్లు

ఈ విషయమున రెండు పొరపాట్లు జరుగుచుండును. నొప్పి ఉన్నదికదా యని పరీక్షలో దోషము కానరాని పన్నును తీయించుకొనుట ఒకటి. "ఇదికూడ ఆ పాతవ్యాధియే" యని నిజముగా పుచ్చిన పన్నును ఉపేక్షించుట రెండవది. రెండును హానికరములే.

నొప్పి ఒక్క పన్నునకే పరిమితమై, చల్లని, వేడి పదార్థములు తగిలినపుడు పుట్టి, ఆ పన్నుమీద తట్టినపుడు హెచ్చినచో పంటిజబ్బని అనుమానింపవలెను. నొప్పి పన్నునుండి పన్నునకు మారుచు, చెంపను నొక్కినపుడు హెచ్చుచు, శరీరమందలి ఇతర నొప్పులతోపాటు పెరుగుచు తరుగుచు నున్నచో కండరములను అనుమానింపవలెను. సందేహమున్నపుడు దంతవైద్యుడు ఎక్స్‌రే తీయును. పన్నుచుట్టు మత్తుసూది వేసి చూచును. పన్ను మొద్దుబారినను నొప్పి నిలిచియున్నచో ఆ పన్ను నిరపరాధియని తలంపవచ్చును. ఈ పరీక్షలు ముగియువరకు పన్ను తీయుమని వైద్యుని తొందరపెట్టరాదు.

చేయదగిన పనులు

దినమునకు రెండుమారులు మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో పండ్లు తోముకొనవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి వాడరాదు. చేతివ్రేళ్ళు నొచ్చువారు బ్రష్షు పిడికి గుడ్డచుట్టి లావుచేసికొన్నచో పట్టు సులభమగును. నిలువలేనివారు కూర్చుండి తోముకొనవచ్చును. దవడ నొచ్చుచున్న దినములలో వేపపుల్ల నమలుట, చెఱకు కొరుకుట, వక్కలు, జంతికలు తినుట మానవలెను. ఇడ్లీ, పప్పన్నము, పెరుగన్నము వంటివి మేలు.

పెదవులు మూసియున్నను పైదంతములు, క్రిందిదంతములు ఒకదాని నొకటి తాకకుండ ఉంచుట దవడకు విశ్రాంతి. పని చేయునపుడు దీనిని మాటిమాటికి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వేడినీటిలో తడిపి పిండిన గుడ్డను చెంపపై 10, 15 నిమిషము లుంచినచో కండరము సడలును. నోరెండువారు నీటిని గ్రుక్కలుగా త్రాగుచుండవలెను. తీపిబిళ్ళలు చప్పరించుట మానవలెను. లవంగనూనెను నేరుగా చిగుళ్ళపై పోయరాదు. ఆస్పిరిన్ మాత్రను పన్నుప్రక్క అదిమి ఉంచరాదు. రెండును చిగురును కాల్చును.

దంతవైద్యునివద్దకు పోవునపుడు తన వ్యాధిని, వాడు మందులన్నిటిని తెలుపవలెను. నోరు చాలసేపు తెరచియుంచలేనని చెప్పి నడుమ విరామము కోరుట తప్పుకాదు. పండ్లు కొరుకువారికి రాత్రివేళ ధరించు తొడుగును వైద్యుడు చేసి ఇచ్చును. నొప్పి మాత్రలను స్వయముగా కొని వాడరాదు. డులోక్సెటిన్ వాడువారు ఐబుప్రోఫెన్ వంటి వానిని తోడుచేసికొన్నచో రక్తస్రావపు అపాయము హెచ్చును.

మూలవ్యాధికి వ్యాయామము ముఖ్యమైన చికిత్స. 2016లో ప్రకటింపబడిన యూరపు వాతరోగ నిపుణుల సూచనలలో గట్టిగా సిఫార్సు చేయబడినది వ్యాయామ మొక్కటియే. కొలదిపాటి నడకతో ఆరంభించి క్రమక్రమముగా పెంచవలెను.

ఆలస్యము చేయరాని సందర్భములు

ముఖము వాచి జ్వరము వచ్చుట, మ్రింగుటకో నోరు తెరచుటకో వీలుకాకపోవుట, నోటిలోని పుండు రెండు వారములలో మానకుండుట — వీనిలో ఏది కనబడినను వెంటనే వైద్యుని చూడవలెను. నడచునపుడు ఎదబరువుతో కూడి దవడ నొచ్చినచో అది గుండెజబ్బు కావచ్చును. ఒక్క ఘడియయైనను జాగు చేయరాదు. 50 ఏండ్లు దాటినవారికి క్రొత్తగా కణత నొప్పి, నమలునపుడు దవడ నొప్పి, చూపు మందగించుట కలిగినచో కంటిచూపు పోకముందే ఆసుపత్రికి పోవలెను.

ఇంటిలో ఒకరు "పన్ను నొచ్చుచున్నది" అనినపుడు, పరీక్షలో పన్ను బాగుగనున్నదని తేలినను, ఆ మాట అబద్ధమని తలంపరాదు. బాధను నమ్ముట, కారణమును వెదకుట, తొందరపడి దంతమును పోగొట్టుకొనకుండుట అవసరము. పోయిన దంతము మరల మొలవదు.