మనిషి గుణాన్ని కొలవగలమా?

పిల్లలూ! "వాడు శాడిస్టురా!", "ఆ అమ్మాయి ఒట్టి సైకో!" ఇలాంటి మాటలు బడి ఆవరణలో తరచు వినిపిస్తూనే ఉంటాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలూ వీటికి దగ్గరి మాటలే వాడతారు. కాని వారు ఊరికే అనెయ్యరు, కొలిచి చెబుతారు. గుణాన్ని కొలవడానికి అదేమైనా బియ్యమా, బట్టా అంటారా? చూద్దాం.

ముందు ఒక పని చెయ్యండి. రేపు ప్రార్థన వేళ మీ తరగతి వారంతా ఎత్తు ప్రకారం వరుసగా నిలబడండి. పొట్టివారు ఎక్కడితో అయిపోయారు? పొడుగువారు ఎక్కడ మొదలయ్యారు? మధ్యలో గీత గీయగలరా? గీయలేరు. పక్కపక్కనున్న ఇద్దరికీ తేడా చాలా తక్కువ. మన గుణాలూ అంతే. గొప్పలు చెప్పుకోవడం, ఎదుటివారి బాధ పట్టించుకోకపోవడం వంటివి ఎంతో కొంత అందరిలోనూ ఉంటాయి.

2002లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డెల్రాయ్ పాల్‌హస్, కెవిన్ విలియమ్స్ ఇలాంటి మూడు గుణాలను కలిపి పరిశీలించారు. వీటికి 'డార్క్ ట్రయాడ్' అని పేరు పెట్టారు. మనం 'చీకటి త్రయం' అనుకుందాం.

మొదటిది నార్సిసిజం. గ్రీకు పురాణంలో నార్సిసస్ అనే యువకుడు నీటిలో తన నీడను చూసుకుని మోహించాడు. తానే అందరికన్నా గొప్ప అనుకోవడం, పొగడ్తల కోసం తహతహలాడటం దీని లక్షణం. రెండవది మాకియవెల్లియనిజం. అధికారం నిలుపుకోవడానికి రాజు అవసరమైతే మాట తప్పవచ్చునని 1513లో రాసిన ఇటలీ దేశస్థుడు మాకియవెల్లి పేరు దీనికి వచ్చింది. ఎత్తులు వేసి ఇతరులను వాడుకోవడం దీని లక్షణం. మూడవది సైకోపతీ. జాలి, పశ్చాత్తాపం లేకుండా, వెనకాముందు చూడకుండా ప్రవర్తించడం ఇది.

మరి కొలిచేదెలా? కొన్ని వాక్యాలు ఇస్తారు. ఉదాహరణకు, "నా పని జరగడానికి చిన్న అబద్ధం ఆడినా తప్పులేదు" అన్నామనుకోండి. అసలు ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 5, మధ్యస్థంగా ఉంటే 2, 3, 4. ఇలాంటి జవాబులన్నీ కూడితే ఒక అంకె వస్తుంది. పాల్‌హస్, విలియమ్స్ 245 మంది విద్యార్థులను పరీక్షించారు. మూడు గుణాలకూ చుట్టరికం ఉందిగాని, మూడూ ఒకటి కావని తేలింది. ఇతరులతో కలసిమెలసి మెలిగే స్వభావం తక్కువగా ఉండటం మూడింటిలోనూ కనిపించింది.

"మాష్టారూ! కాగితం మీద అబద్ధం రాస్తే?" మంచి ప్రశ్నే. అందుకే ప్రవర్తననూ చూడాలి. పరుల బాధ చూసి ఆనందించడాన్ని శాడిజం అంటారు. దీనిపై 2013లో ఎరిన్ బకెల్స్, డేనియల్ జోన్స్, పాల్‌హస్ ఒక ప్రయోగం ప్రచురించారు. పాల్గొనేవారి ముందు నాలుగు పనులు పెట్టారు: పురుగులను యంత్రంలో వేసి చంపడం, చంపేవారికి సాయపడటం, మరుగుదొడ్డి కడగడం, మంచులాంటి నీటి నొప్పి భరించడం. యంత్రమంటే మార్పులు చేసిన కాఫీ గింజల మర. పురుగులకు మఫిన్, ఐక్, టూట్సీ అని ముద్దుపేర్లు కూడా పెట్టారు! కాగితం మీద శాడిజం అంకె ఎక్కువ వచ్చినవారే చంపే పనిని ఎక్కువగా కోరుకున్నారు. కంగారు పడకండి. యంత్రంలో అడ్డు ఉండటంవల్ల ఒక్క పురుగూ చావలేదు.

అంకె ఎక్కువ వస్తే అది జబ్బేనా? కాదు. వ్యక్తిత్వ రుగ్మత వేరే సంగతి. అది ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక్కచోట కాక ఇంటా బయటా కనిపిస్తుంది. ఆ మనిషినో, చుట్టూ ఉన్నవారినో బాధపెడుతుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించిన గ్రంథం 10 రకాల రుగ్మతలను పేర్కొంది. సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత ఉందని 18 ఏళ్లు నిండనివారి విషయంలో చెప్పకూడదని అందులోనే ఉంది. పిల్లల స్వభావం ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది మరి. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అయితే ఆ రకాలను చాలావరకు తీసివేసి, 'స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా' అని అడుగుతుంది. మన ప్రార్థన వరుస గుర్తొచ్చిందా?

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఎనిమిదవ తరగతిలో ఒక కుర్రవాడు తోటివారి పుస్తకాలు దాచి ఏడిపించేవాడు. ఒకనాడు కోపం పట్టలేక "వీడు పుట్టు దుర్మార్గుడు" అని తరగతి ముందే అన్నాను. ఆ ఏడాదంతా పిల్లలు వాణ్ణి ఆ పేరుతోనే పిలిచారు. పరీక్షల ముందు వాడు బడి మానేశాడు. ఆ మాట వల్లే మానేశాడని రుజువు లేదు. కాని నేను పరిశీలించలేదు, అడగలేదు, ముద్ర మాత్రం వేశాను. సైన్సు మాష్టారు చెయ్యదగిన పని కాదది.

గుణాలు మారవా? 2023లో నేథన్ హడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రచురించిన అధ్యయనం చూడండి. అందులో పాల్గొన్న పెద్దలు నాలుగు నెలలపాటు మంచితనం పెంచే చిన్నచిన్న పనులు అభ్యాసం చేశారు. వారిలో చీకటి గుణాల అంకెలు కొంత తగ్గాయి.

అలాగని ఎవరైనా మిమ్మల్ని పదేపదే బాధపెడుతుంటే ఓర్చుకోమని కాదు. వెంటనే అమ్మానాన్నలకో, మాష్టారికో చెప్పండి. చెప్పేటప్పుడు "వాడు సైకో" అనకండి. వాడేం చేశాడు, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది చెప్పండి. అప్పుడే పెద్దలు సాయం చెయ్యగలరు.

చేసి చూడండి: ఈ వారం మీకు ఎవరిమీద కోపం వచ్చినా, తిట్టు రాయకుండా, జరిగిందేమిటో మూడు వాక్యాల్లో నోటుపుస్తకంలో రాయండి. మీరు చేసిన పనిని కూడా నాలుగో వాక్యంగా రాయడం మరచిపోకండి!