సూది పట్టే ముందు స్టాంప్ చూసుకోండి

ఐర్లాండ్‌లోని నేవన్‌లో ఉంటూ ఆక్యుపంక్చర్ నేర్చుకుని క్లినిక్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఐఆర్‌పీ (నివాస అనుమతి) కార్డు తీసి స్టాంప్ చూసుకోవాలి. ఇక్కడ ఈ వైద్యం చేసేవాళ్లలో ఎక్కువమంది సొంత ప్రాక్టీస్ మీద బతికేవాళ్లే. చదువుకునేటప్పుడు ఇచ్చే స్టాంప్ 2 మీద గానీ, డిగ్రీ అయ్యాక వచ్చే స్టాంప్ 1జీ మీద గానీ సొంత వ్యాపారానికి అనుమతి లేదు. స్టాంప్ 4 ఉంటే ఆ వీలుంటుంది. వారాంతాల్లో నడిచే పార్ట్‌టైమ్ కోర్సులో చేరితే స్టూడెంట్ వీసా రాదు. అప్పు చేసి ఫీజు కట్టే పిల్లలకు ఈ రెండు ముక్కలూ ముందే తెలియాలి.

నర్సులకు ఎన్‌ఎంబీఐ, ఫిజియోథెరపిస్టులకు కోరు ఉన్నట్టు ఆక్యుపంక్చర్‌కు ఇక్కడ ప్రభుత్వ రిజిస్టర్ లేదు. ఆక్యుపంక్చర్ కౌన్సిల్ ఆఫ్ ఐర్లాండ్ లాంటి వృత్తి సంఘంలో సభ్యత్వమే గుర్తింపు. అందుకే నా సలహా ఒక్కటే: ముందు నర్సింగో ఫిజియోథెరపీయో రిజిస్ట్రేషన్ తెచ్చుకోండి, సూది ఆ తర్వాత. ఉద్యోగానికి నేవన్‌లోనే అవర్ లేడీస్ హాస్పిటల్ ఉంది, డబ్లిన్ 50 కిలోమీటర్లే. ఈ రెండు వృత్తులూ క్రిటికల్ స్కిల్స్ వర్క్ పర్మిట్ జాబితాలో ఉన్నాయి. ఆ పర్మిట్ మీద సుమారు రెండేళ్లు పనిచేస్తే స్టాంప్ 4కి దారి పడుతుంది.

ఆక్యుపంక్చర్ పుట్టిన చైనా వైద్యం మీద గౌరవం ఉన్నవాళ్లు దాని హద్దులూ నేర్చుకోవాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ మైగ్రేన్, టెన్షన్ తలనొప్పులు పదేపదే రాకుండా ఆక్యుపంక్చర్‌ను పరిశీలించవచ్చని 2012లో చెప్పింది. 2021లో, వేరే జబ్బు వల్ల అని చెప్పలేని దీర్ఘకాలిక నొప్పికీ ఆ మాటే అంది. అంతకుమించి షుగర్ తగ్గిస్తాం, క్యాన్సర్ నయం చేస్తాం అనేవాళ్ల దగ్గర చదవకండి. మూలికల్లోనూ అంతే. మలేరియాకు ఆర్టెమిసినిన్ ఇచ్చి చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ తెచ్చిన సంప్రదాయంలోనే కిడ్నీలను పాడుచేసే అరిస్టొలోకియా కూడా ఉంది.

ఇక పనితనం. వెంట్రుకంత సన్నని సూదిని చిన్న గొట్టంలో పెట్టి వేలితో తడితే చర్మంలోకి దిగుతుంది, చూడ్డానికి తేలిక. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండలో ఉండే హెగు బిందువును తలనొప్పికి వాడతారు, గర్భిణులకు మాత్రం అక్కడ వేయరు. భుజం మీద, ఛాతీ దగ్గర లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు. వాడిన ప్రతి సూదీ లెక్కపెట్టి తీసి, షార్ప్స్ డబ్బాలో వేయాలి. ఇవి వీడియోలు చూస్తే వచ్చేవి కావు. కాలేజీకి ఫోన్ చేసినప్పుడు ఫీజుకన్నా ముందు, గురువు పక్కనుండగా పేషెంట్లకు ఎన్ని గంటలు చికిత్స చేయిస్తారో అడగండి.