నల్లకోటూ కావాలి, యూనిఫామూ కావాలి!

లా చదువుతూ సైన్యం మీద మనసున్న విద్యార్థులకు ఒక సందేహం ఉంటుంది. కోర్టును వదలకుండానే సైనికాధికారి కావచ్చా? అమెరికాలో అలా బతికి చూపించిన లాయర్లు ఎందరో ఉన్నారు. వారిలో బో బైడెన్ జీవితం మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సింది. ఆయన మాజీ అధ్యక్షుడు జో బైడెన్ పెద్ద కొడుకు. అయితే ఇక్కడ చూడాల్సింది ఇంటిపేరును కాదు, ఆయన ఏ పని తర్వాత ఏ పని చేపట్టారన్నది.

బో 1969లో పుట్టారు. మూడేళ్ల వయసులో కారు ప్రమాదంలో తల్లినీ చెల్లెలినీ పోగొట్టుకున్నారు. 1994లో సిరక్యూజ్ యూనివర్సిటీ నుంచి లా పట్టా తీసుకుని, ఒక ఫెడరల్ జడ్జి దగ్గర క్లర్క్‌గా పనిచేశారు. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో ఫెడరల్ ప్రాసిక్యూటర్ అయ్యారు. యుద్ధంలో చితికిపోయిన కొసావోకు వెళ్లి అక్కడి జడ్జీలకు, ప్రాసిక్యూటర్లకు శిక్షణ ఇచ్చారు. డెలావేర్ ఆర్మీ నేషనల్ గార్డ్‌లో చేరింది ఇదంతా అయ్యాక, 2003లో. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. వృత్తిలో చేయి తిరిగిన తర్వాతే యూనిఫాం తొడిగారన్నమాట.

అసలు పరీక్ష 2008లో వచ్చింది. అప్పటికి ఆయన డెలావేర్ రాష్ట్ర అటార్నీ జనరల్. తండ్రి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నారు. ఆ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, అక్టోబరులో, 261వ సిగ్నల్ బ్రిగేడ్‌తో కలిసి బో ఇరాక్ దారి పట్టారు. సైనిక న్యాయవిభాగం అధికారిగా దాదాపు ఏడాది పనిచేసి, 2009 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆ సేవకు బ్రాంజ్ స్టార్ దక్కింది. మరుసటి ఏడాది తండ్రి ఖాళీ చేసిన సెనేట్ స్థానానికి పోటీ చేసే అవకాశం ఎదురుగా ఉన్నా వద్దనుకున్నారు. పసిపిల్లలపై అఘాయిత్యాలు చేసిన ఒక డాక్టరు కేసు అప్పుడు ఆయన కార్యాలయం చేతిలో ఉంది. అది తేలాలన్నదే ఆయన పట్టుదల. ఆ డాక్టరుకు 2011లో జీవితఖైదు పడింది. బో 2015 మే 30న మెదడు క్యాన్సర్‌తో 46 ఏళ్లకే కన్నుమూశారు.

వ్యక్తి పట్టుదల ఒక్కటే ఇంత పని చేయించదు. నేషనల్ గార్డ్‌లో మామూలు రోజుల్లో నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు శిక్షణకు వెళితే చాలు. పిలుపు వచ్చి యుద్ధానికి వెళ్లినవారి ఉద్యోగం పోకుండా 1994 నాటి చట్టం కాపాడుతుంది. అన్నిటికీ మించి, అక్కడి రిజర్వు దళంలో లాయర్‌ను లాయర్‌గానే వాడుకుంటారు.

మన దగ్గర ఈ దారి రెండుగా చీలిపోయింది. ఈ తేడా తెలియక చాలామంది తప్పు దరఖాస్తు పెడుతుంటారు. మొదటిది సైన్యంలోని జడ్జ్ అడ్వకేట్ జనరల్ శాఖ, అంటే జాగ్. ఇది పూర్తికాలపు ఉద్యోగం. ఎల్‌ఎల్‌బీలో 55 శాతం మార్కులు, 21 నుంచి 27 ఏళ్ల వయసు ఉండాలి. పెళ్లి కాకూడదు. ఇటీవలి నోటిఫికేషన్లు క్లాట్ పీజీ స్కోరు కూడా అడుగుతున్నాయి. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష దాటినవారికి అకాడమీ శిక్షణ ఉంటుంది. ఆపైన కోర్టు మార్షళ్లు, కమాండర్లకు న్యాయసలహా, ట్రిబ్యునల్ కేసులే రోజువారీ పని. అమ్మాయిలకు ఇక్కడ మంచి మార్పు వచ్చింది. జాగ్ పోస్టుల్లో పురుషులకు ఎక్కువ, మహిళలకు తక్కువ ఖాళీలు కేటాయించే పద్ధతిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

రెండోది టెరిటోరియల్ ఆర్మీ. 1948 చట్టంతో ఏర్పడిన ఈ దళంలో సొంత వృత్తి చేసుకుంటూనే అధికారి కావచ్చు. డిగ్రీ, సొంత సంపాదన, 18 నుంచి 42 ఏళ్ల వయసు ఉంటే దరఖాస్తు చేయొచ్చు. ఏడాదికి సుమారు రెండు నెలలు శిక్షణకు కేటాయించాలి. అవసరమైతే నెలల తరబడి విధులకు పిలుస్తారు. అయితే ఇందులో చేరిన లాయర్ సాధారణంగా పదాతిదళ అధికారే, న్యాయసలహాదారు కాదు. పైగా ఉద్యోగికి తిరిగొచ్చాక కుర్చీ ఉంటుంది. సొంతంగా ప్రాక్టీసు చేసే వకీలుకు ఆ భరోసా ఎక్కడిది? రెండు నెలలు కోర్టులో కనబడకపోతే క్లయింటు ఫైలు పట్టుకుని ఇంకో లాయర్ దగ్గరికి వెళ్తాడు. అందుకే వాయిదాలు చూసుకునే నమ్మకమైన సహచరుడో, భాగస్వామ్య ఆఫీసో కుదిరాకే ఈ దారిలో అడుగుపెట్టడం మంచిది.

చట్టమే ఆయుధంగా సైన్యంలో పనిచేయాలన్న కోరిక బలంగా ఉంటే జాగ్‌కే గురిపెట్టండి. దానికి ఏటా సాధారణంగా రెండుసార్లు నోటిఫికేషన్ వస్తుంది. 27 ఏళ్ల గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి లా మూడో ఏడాదిలో ఉండగానే పరుగు, ఎస్‌ఎస్‌బీ సాధన మొదలుపెట్టండి.