మిరప చేను చేరిన కృత్రిమ మేధ

తెలంగాణ ప్రభుత్వం 2020ని కృత్రిమ మేధా సంవత్సరంగా ప్రకటించిన నాడు, ఐటీ శాఖలోని నవీన సాంకేతికతల విభాగానికి సారథ్యం వహించినవారు లంకా రమాదేవి. కృత్రిమ మేధ అనగా, వేలాది ఉదాహరణలను పరిశీలించి, వాటిలోని పోలికలను బట్టి అంచనా వేయగల యంత్రశక్తి. దానిని రూపొందించే సంస్థలకు సేద్యం తెలియదు. సేద్యం తెలిసిన శాఖలకు ఆ విద్య క్రొత్త. ఇరువురినీ ఒకచోట కూర్చుండబెట్టడమే ఆమె చేపట్టిన పని.

దాని ఫలితం ఖమ్మం జిల్లా మిరప చేలలో కానవచ్చింది. ప్రపంచ ఆర్థిక వేదిక సహకారంతో సాగిన ‘సాగు బాగు’ కార్యక్రమంలో దాదాపు 7,000 మంది రైతులకు పంట సలహాలు ఫోనులోనే, తెలుగులోనే అందాయి. మట్టి పరీక్షకు, కాయ నాణ్యత నిర్ధారణకు సైతం ఈ మేధ తోడ్పడింది. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని ఆ వేదిక ప్రకటించింది. అంకెలకన్న ‘తెలుగులోనే’ అన్న మాటే నాకు ముఖ్యంగా తోస్తున్నది.

నాయక రాజుల కాలం నుండి కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాల తెలుగు ఇంట వినబడుతుందే కాని, కాగితంపై అరుదు. వ్రాతకెక్కని పలుకుబడిని యంత్రం గ్రహించడం కష్టం. ఇంటి పెద్దల మాటలను వారి అనుమతితో ఫోనులో రికార్డు చేసి, తెలుగు లిపిలో వ్రాసి ఉంచే పనిని పిల్లలకు ఈ సెలవులలోనే అప్పగించవచ్చు.