సముద్రం మీది గాలిని కొలిచేదెట్లా?

ఒడ్డున ఆకు కదలడం లేదు. మగవాళ్లు వేటకు బయలుదేరారు. మరి లోపల సముద్రంలో గాలి ఎట్లా ఉంది? మనకెట్లా తెలుస్తుంది?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది చనిపోయారు. ఆ రోజుల్లో నడిసముద్రంలో గాలి సంగతి ఎక్కువగా ఓడలవాళ్లు చెబితేనే తెలిసేది.

ఇప్పుడు ఉపగ్రహాలు గాలిని కొలుస్తున్నాయి. ఎట్లా?

చెరువును చూడండి. గాలి లేకపోతే నీళ్లు అద్దంలా ఉంటాయి. గాలి వీస్తే చిన్న చిన్న అలలు లేస్తాయి. నీరు గరుకుగా కనిపిస్తుంది.

ఉపగ్రహం 700 కిలోమీటర్ల పైనుంచి రేడియో తరంగాలను ఏటవాలుగా పంపుతుంది. నున్నటి నీటిమీద పడితే అవి అవతలికి పోతాయి. గరుకు నీటిమీద పడితే చెదిరి, కొన్ని వెనక్కి వస్తాయి. ఎక్కువ వెనక్కి వస్తే గాలి జోరుగా ఉన్నట్టు. ఒకే చోటును వేరువేరు దిక్కుల నుంచి చూసి, గాలి ఎటు వీస్తుందో లెక్క కడతారు.

చీకటైనా, మబ్బు పట్టినా ఈ కొలత ఆగదు. జోరువాన మాత్రం అడ్డు వస్తుంది.

ఈ పనిముట్టుతో మన శ్రీహరికోట నుంచి 2009లో ఓషన్‌శాట్-2, 2016లో స్కాట్‌శాట్-1, 2022లో ఓషన్‌శాట్-3 పైకి వెళ్లాయి.

ఇట్లాంటి కొలతలు చూసే వాతావరణ శాఖ వాళ్లు తుపాను హెచ్చరికలు చేస్తారు. అక్కా! "ఇక్కడ గాలే లేదు కదా" అని ఊరుకోకండి. హెచ్చరిక వింటే పడవను ఒడ్డునే కట్టేయించండి. పక్కింటికీ చెప్పండి.

జవాబు చెప్పండి:
1. గాలి వీస్తే నీరు ఎట్లా మారుతుంది?
2. మీ ఊరికి తుపాను హెచ్చరిక ఎట్లా అందుతుంది?